పోచారం అలుగు – పొద్దుగూకే వేళ

నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు 1922 నాటిది. వానాకాలం నిండి అలుగు దుంకుతుంటే చూడాలి ఆ వైభవం! కెమెరా పట్టినవాడికి చిక్కల్లా పొద్దుగూకాకే. ఏ లెన్సు వెయ్యాలి?

నీళ్లూ, గట్టూ, జనమూ ఒకే ఫ్రేములో రావాలంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 35 ఎం.ఎం. (రీలు కొలత కాదు సుమా, లెన్సుది!) చాలు. ఎఫ్ 4 కంటే ఎఫ్ 1.8 దాదాపు అయిదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. దానికి స్టెబిలైజేషన్ తోడైతే, స్టాండు లేకుండానే సెకనులో ఎనిమిదో వంతు చేత్తో నిలపొచ్చు. అలుగు పట్టుదారాల్లా పడుతుంది.

కానీ అది వణికే చేతికి మందు, గట్టు మీద ఉరికే పిల్లలకు కాదు! వాళ్లను పట్టాలంటే షట్టరు చురుగ్గా మూయాలి. అక్కడ ఎఫ్ 1.8 ఒక్కటే గతి. 2018లో వచ్చిన కానన్ ఆర్.ఎఫ్. 35లో రెండూ ఉన్నాయి.

అన్నట్టు, 'బారీ లిండన్' (1975)లో స్టాన్లీ కూబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులో ఎఫ్ 0.7 లెన్సు వాడాడు. ఫోకస్ తప్పకుండా ఆయన నటులు కదలక కూర్చున్నారు. పోచారం పిల్లలు కూర్చుంటారా?