గడియ పెట్టే హక్కు ఎవరిది?

పోయిన నెల ఓ శనివారం. మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గదిలో ఓ డెలివరీ కుర్రాణ్ణి కూర్చోబెట్టి బయట గడియ పెట్టారు. నాలుగో అంతస్తులో ఎవరిదో ఫోన్ పోయిందట, ఆ టైములో పైకెళ్ళింది ఇతనేనట. తీస్తుండగా చూసినవాళ్ళు మాత్రం లేరు. కిటికీలోంచి నన్ను చూసి "సార్, మాది నారాయణపేట్ సార్, నేను దియ్యలే" అన్నాడు. మాదీ అదే ఊరు (2019లో జిల్లా అయింది, ఇప్పటికీ హైదరాబాదులో చెబితే "చీరల ఊరేనా?" అంటారు). ఆ మాట అనకుండా కూరగాయల సంచీతో లిఫ్ట్ ఎక్కేశాను.

గంటన్నర తర్వాత ఫోన్ సోఫా సందులో దొరికింది. కుర్రాణ్ణి వదిలేశారు. సారీ ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

ఆ రాత్రి కూర్చుని చట్టం చదివా. సెక్యూరిటీ గార్డుకి మీకూ నాకూ ఉన్నదానికంటే పిసరంత కూడా ఎక్కువ అధికారం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, పోలీసు కానివాడు ఎవర్నైనా పట్టుకోవాలంటే పెద్ద నేరం, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గదీ, బెయిల్ హక్కుగా రానిదీ, తన ఎదుటే జరగాలి. పట్టుకున్నాక ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. ఉత్త అనుమానం చాలదు. అనుమానంతో గదిలో పెట్టి గడియ వేయడం న్యాయ సంహిత 127 కింద నేరం. ఆ రోజు మా అపార్ట్‌మెంట్లో జరిగిన నేరం అదొక్కటే!

కానిస్టేబుల్ సంగతి వేరు. సరైన కారణం ఉంటే అనుమానం మీద కూడా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. కానీ ఒంటి మీద పేరు కనబడాలి, కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈ కట్టుబాట్లేవీ లేకుండానే మనం గార్డుకి పోలీసు పని అప్పజెప్పాం.

మా అవ్వ పోలీసు పటేలు గురించి చెప్పేది. నిజాం కాలం నుంచీ ఊరికి ముగ్గురు. మాలీ పటేలు శిస్తు చూసేవాడు, పట్వారీ లెక్కలు, పోలీసు పటేలు ఊరి భద్రత. నేరం జరిగితే ఠాణాకి కబురు పెట్టడం, చావు పుట్టుకలు రాయడం ఆయన పని. ఆచరణలో ఏమయ్యేదంటే, సేత్‌సింధి వచ్చి "పటేలు రమ్మంటుండు" అనగానే తాత ఎందుకని అడక్కుండా లేచి వెళ్ళేవాడట. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసింది.

మర్నాడు గార్డుని అడిగా, "గడియ ఎందుకు పెట్టావన్నా?" అని.

"సెక్రటరీ సారు ఫోన్ల జెప్పిండు సార్. పెట్టకపోతే నా డ్యూటీ పోతది."

కేసయితే ముందు ఇరుక్కునేది అతనే. పన్నెండు గంటలు నిలబడే మనిషి, ఆ సెక్షన్ పేరు కూడా విని ఉండడు.

వాట్సాప్ గ్రూపులో ఇదంతా రాశాను. మూడు బొటనవేళ్ళు వచ్చాయి. ఒకాయన మాత్రం "మీరు దొంగల తరఫునా సార్?" అన్నాడు. వచ్చే ఆదివారం మీటింగులో ఒకే ఒక్క రూలు పెట్టమంటున్నా: అనుమానం వస్తే 100కి ఫోన్ చేయండి, గది జోలికి పోవద్దు. ఎంతమంది ఒప్పుకుంటారో తెలీదు.

ఆ కుర్రాడి కోసం యాప్‌లో వెతికా. ఆ రోజు ఆర్డరు నాది కాదు, నంబరు దొరకలేదు.