చంపారణ్ చెప్పే భరోసా

రాయ్‌పూర్ నుంచి బయలుదేరి అభన్‌పూర్ దాటితే రోడ్డుకి అటూ ఇటూ వరి మళ్లే. నవాపారా దగ్గర మహానది ఎదురవుతుంది. అవతలి ఒడ్డున రాజిం క్షేత్రం ఉంది. ఇవతలి వైపునే ఇంకొంత దూరం పోతే చంపారణ్ వస్తుంది. గాంధీజీ సత్యాగ్రహం చేసిన బీహార్ చంపారణ్ వేరు, ఇది వేరు. ఇది పుష్టిమార్గమనే కృష్ణభక్తి సంప్రదాయాన్ని స్థాపించిన వల్లభాచార్యులు పుట్టిన చోటు. ఇక్కడికి వచ్చేవారిలో గుజరాత్, రాజస్థాన్ వైష్ణవులే ఎక్కువ. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మగారు మాత్రం వెలనాటి తెలుగు బ్రాహ్మణులు. భయం ముంచుకొచ్చిన రోజుల్లో దేవుణ్ణి నమ్ముకోవడమంటే ఏమిటో ఆలోచించాలనుకునే తెలుగువాళ్లు తప్పక చూడవలసిన ఊరిది.

సంప్రదాయం ప్రకారం ఆయన జననం 1479లో. ఢిల్లీ సుల్తాను బహలూల్ లోడీ జౌన్‌పూర్ షర్కీ సుల్తాను మీద గెలిచి ఆ రాజ్యాన్ని కలుపుకున్న కాలమది. కాశీ మీదికి దండు వస్తోందన్న వార్త విని, అక్కడున్న ఆ దంపతులు దక్షిణాదికి బయలుదేరారు. ఇల్లమ్మగారు అప్పుడు గర్భవతి. దారిలో ఇక్కడి అడవిలోనే నెలలు నిండకుండా ప్రసవమైంది. బిడ్డలో చలనం లేదు. ప్రాణం పోయిందనుకుని గుడ్డలో చుట్టి జమ్మిచెట్టు దగ్గర ఉంచి, గుండె రాయి చేసుకుని ముందుకి సాగారు. ఆ రాత్రి కలలో భగవంతుడి మాట విని వెనక్కి వస్తే, చుట్టూ మంటల వలయం, నడుమ బిడ్డ క్షేమంగా ఉన్నాడని భక్తులు చెప్పుకుంటారు.

ఆ జ్ఞాపకానికే ఇక్కడ బైఠక్‌లు కట్టారు. బైఠక్‌లో గాదీనే, అంటే ఆసనాన్నే, ఆచార్యులుగా భావించి సేవిస్తారు. స్నానం చేసి మడి కట్టుకున్న యాత్రికులు ఝారీ అనే చెంబులో నీళ్లు నింపి సమర్పిస్తారు. పక్కనే చంపేశ్వర మహాదేవుడి గుడి. వైష్ణవ పీఠానికి వచ్చినవారు శివుడికీ మొక్కి వెళ్తారు.

మంటల వలయానికి చరిత్ర సాక్ష్యం ఏముందని అడగవచ్చు. లేదు, అది భక్తుల విశ్వాసం. నేను ఇక్కడ ప్రధానంగా చూస్తున్నది తల్లిదండ్రుల నడవడిని. వాళ్లు నూరు సోమయాగాలు చేసిన వంశమని సంప్రదాయం చెబుతుంది. అంత నిష్ఠ ఉన్నవాళ్లు, దేవుడే చూసుకుంటాడని కాశీలో కదలకుండా కూర్చోలేదు. ప్రమాదం వస్తోందని తెలియగానే మూటా ముల్లె సర్దుకున్నారు. వాళ్ల నమ్మకం వాళ్ల కాళ్లకు సంకెళ్లు వేయలేదు.

ఆ బిడ్డ పెద్దవాడై రాసిన గ్రంథాల్లోనూ ఈ మాటే ఉంది. ‘వివేకధైర్యాశ్రయం’ అనే చిన్న గ్రంథంలో ఆయన ముందు వివేకం, తర్వాత ధైర్యం, ఆ తర్వాత ఆశ్రయం అని వరుస పెట్టారు. స్వామి మనసులో ఏముందో తెలియనప్పుడు ఇది కావాలి, అది కావాలి అని ప్రార్థించి ఏం లాభమని ప్రశ్నించారు. కష్టాన్ని ఓర్చుకోవాలన్నారు, అయితే దానికి విరుగుడు దానంతటది దొరికితే వద్దని మొండికేయకూడదన్నారు. దేవుణ్ణి నమ్మేవాళ్లకి మందు ఎందుకు, టీకా ఎందుకు అనేవారికి అయిదు వందల ఏళ్ల కిందటి ఆచార్యుడి సమాధానం ఇది. ఆయన అనుయాయులూ అదే చేశారు. ఔరంగజేబు కాలంలో, 1669లో, గోవర్ధనగిరి నుంచి శ్రీనాథుడనే పేరుతో కొలిచే కృష్ణుడి విగ్రహాన్ని బండి మీద తరలించి, 1672లో మేవాడ్‌లోని నాథద్వారలో ప్రతిష్ఠించారు. జగత్తును కాచే దేవుణ్ణి మనుషులు కాపాడటమేమిటని వాళ్లు తర్కించుకుంటూ కూర్చోలేదు. ఆ కాపుదలకి తమ చేతులే సాధనమనుకున్నారు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఒకటి ఉంది. ఆ బిడ్డ బతికాడు సరే, బతకని బిడ్డల మాటేమిటి? 2020, 2021లో కరోనా ఎన్నో ఇళ్లలో దీపాలు ఆర్పేసింది. పోయినవాళ్లలో నిత్యం పూజ చేసినవారు లేరా? తప్పకుండా ఉన్నారు. వాళ్లకు భక్తి చాలలేదనడం క్రూరత్వం, అసత్యం కూడా. వల్లభుల జీవితమే దీనికి జవాబు. మంటల నడుమ క్షేమంగా ఉన్నాడని చెప్పే ఆ బిడ్డే చిన్న వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆయన రాసిన ‘కృష్ణాశ్రయం’ లోకం బాగుందని చెప్పదు. దేశం అన్యాక్రాంతమైందనీ, గంగ మొదలైన తీర్థాలు దుష్టుల పాలయ్యాయనీ, సజ్జనులు అల్లాడుతున్నారనీ ఒక్కొక్కటే చెబుతూ, అయినా కృష్ణుడే నాకు గతి అంటుంది. ప్రమాదాన్ని చిన్నది చేసి చూపని నమ్మకం అది. కష్టం రాదన్న హామీ అందులో లేదు. కష్టంలో నువ్వు ఒంటరివి కావన్న భరోసా ఉంది.

ఆ భరోసా వల్ల ఒరిగేదేమిటంటారా? భయపడ్డ మనిషి తన ప్రాణం తప్ప మరొకటి చూడలేడు. అంతిమ భారం తనది కాదని నమ్మినవాడికి పక్కవాడి ఆకలి కనిపిస్తుంది. కరోనా రోజుల్లో తెలియనివాళ్ల పాడె మోసినవాళ్లలో, వలస కూలీలకు అన్నం పెట్టినవాళ్లలో ఇలాంటి నిబ్బరమే పనిచేసింది. నాస్తికుల్లోనూ ఆ నిబ్బరం ఉంటుంది, కాదనను. భక్తుడికి అది శరణాగతి నుంచి వస్తుంది.

అందుకే రాయ్‌పూర్ దాకా వచ్చిన తెలుగువారు ఒక పూట చంపారణ్‌కి కేటాయించండి. భయం వేసినప్పుడు చేయవలసిన పనంతా చేయండి: మందు వేసుకోండి, అవసరమైతే ఊరు విడిచి వెళ్లండి, తోటివాడికి చేయందించండి. మిగిలిన దిగులును దేవుడికి అప్పగించండి. పని మానేసి చేసే ప్రార్థనను నేను నమ్మకం అనను. పని చేస్తూ దిగులు మానడమే నమ్మకం.