పమిట చాటు ప్రార్థన

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఉపవాస కూటం ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా వినిపించే మాట ఒకటుంది. ‘ప్రార్థన చేస్తూనే ఉన్నామండీ, మనసే నిలవడం లేదు’ అని. దానికి సాధారణంగా దొరికే సలహా... ఇంకాస్త ఎక్కువసేపు చెయ్యమని. అరగంట చాలకపోతే గంట, గంట చాలకపోతే రాత్రంతా. రాత్రి ప్రార్థనల విలువ తక్కువేం కాదు. కానీ గూడెం మార్కెట్లో పొద్దస్తమానం ఉల్లిపాయల బస్తాలు మోసొచ్చిన మనిషికి నిద్ర చాలకపోవడమే అసలు ఇబ్బంది అయితే, ఇంకో గంట కూర్చోబెట్టి ఏం లాభం?

సమయం కంటే ముందు చూసుకోవాల్సింది భాషని. ఇంట్లో ‘అమ్మా, ఆకలేస్తోంది’ అనే మనిషే మోకాళ్ల మీదికి రాగానే ‘ఆకలిగొనియున్నాను’ అంటాడు. పాత అనువాదపు బైబిలు చదివీ చదివీ అలవాటైన భాష అది. ఆ ధాటి వచ్చినవాళ్లు పదిమందిలో గట్టిగా ప్రార్థిస్తారు. రానివాళ్లు తమకి ప్రార్థన చెయ్యడమే రాదనుకుని వెనక వరసలో ఉండిపోతారు.

అలాంటి వాళ్లు తెలుసుకోవాల్సిన మనిషి పగోలు వెంకయ్య. ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని రాఘవాపురం ఆయన ఊరు. మాల కుటుంబంలో పుట్టాడు. పూజించే విగ్రహాల మీద నమ్మకం పోయింది. అసలు దేవుడెవరో ఇంకా తెలియదు. అటూ ఇటూ కాని ఆ ఏళ్లలో వెంకయ్య ప్రార్థన మానలేదు. ‘నువ్వెవరు, ఎక్కడున్నావు, నాకు కనిపించు’ అనే అర్థం వచ్చే రెండు మూడు మాటలే పదేపదే అడిగేవాడు. చివరికి బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్‌ని కలుసుకుని, 1859లో బాప్తిస్మం పొందాడు. కీర్తన రాదు, వాక్యం రాదు, చివర ఆమెన్ అనాలనీ తెలియదు. అయినా తెలుగునాట క్రైస్తవుల చరిత్రలో అంతగా చెప్పుకునే ప్రార్థనలు మరెన్నో లేవు.

ఇక చోటు. ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపేసుకోమన్నాడు ఏసు. కొల్లేటి లంకల్లో ఒంటి గది ఇంట్లో అయిదుగురు పడుకుంటుంటే ఏ తలుపు వేసుకోవాలి? అక్కడి ఇల్లాలు తెల్లారగట్ల పొయ్యి రాజేసే ముందు గోడవైపు తిరిగి, పమిట చెంగు తలమీదికి లాక్కుంటుంది. పిల్లలకి ఆ గుర్తు తెలుసు. కాసేపు అమ్మని పిలవకూడదు. ఇంగ్లాండులో మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషులైన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి సుసన్నా కూడా ఇదే పని చేసేదని చెబుతారు. ఆవిడకి పంతొమ్మిది మంది పుట్టి, పదిమంది బతికారు. ఆ సందడిలో వంటింటి ఏప్రన్ తలమీద కప్పుకుంటే, అమ్మ ప్రార్థనలో ఉన్నట్టు. చేపల చెరువు గట్టున కాపలా పాకలో ఉండే మనిషికైతే మేత వేసి వచ్చాక దొరికే పావుగంటే గది. దాన్ని రోజూ ఒకే వేళకి పట్టుకోగలగాలి, అంతే.

మరి మనసు నిలవకపోతే? 1535లో మార్టిన్ లూథర్ ఇదే విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అడిగింది ఏ వేదాంతో కాదు, ఆయనకి క్షవరం చేసే పీటర్. అందుకే లూథర్ కూడా అతనికి తెలిసిన పనిలోంచే చెప్పాడు... కబుర్లలో పడి కత్తి మీద చూపు తప్పితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకీ అంత శ్రద్ధ కావాలని. పరలోక ప్రార్థనని గబగబా అప్పజెప్పకుండా ఒక్కో మనవి దగ్గర ఆగమన్నాడు. ఎక్కడైనా మనసు గట్టిగా పట్టుకుంటే మిగతావి ఆపూటకి వదిలేసినా ఫర్వాలేదన్నాడు. దినాహారం అన్న మాట దగ్గరే పావుగంట గడిచిపోతే, ఇంట్లో బియ్యం నిండుకున్నాయన్నమాట. దాన్ని పరధ్యానం అనుకోనక్కర్లేదు.

అడగడం అయ్యాక లేచి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. తెలుగు బైబిలులో ‘కనిపెట్టుకొని ఉండటం’ అనే మాట తరచూ వస్తుంది. ఎదురుచూడటమని దానికి అర్థం. 1938లో బైబిలు మిషన్ మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు ఇలా సన్నిధిలో ఊరికే కూర్చోవడానికి ఎంతో విలువిచ్చారు. కొల్లేటివాళ్లకి దీన్ని కొత్తగా నేర్పక్కర్లేదు. నీళ్లలో మావు పెట్టినవాడు గంటకోసారి ఎత్తి చూడడు. చూస్తే చేప రాదు.

అన్నిటికంటే కష్టమైనది, ఏం అడగాలన్నది. ఈ ప్రాంతంలో అది మరీ కష్టం. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో వాగులు కొల్లేట్లోకి దిగుతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. చింతలపూడి మెట్టలో రైతు వానకోసం మోకరిస్తాడు. ఆ వాన తమ్మిలేరుగా మారి కిందికొచ్చి లంకని ముంచుతుంది. లంకలో తల్లి వాన ఆగాలని మోకరిస్తుంది. ఇద్దరిదీ నిజమైన అవసరమే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది. అక్కడ నీళ్లు ఎప్పుడు తీస్తాయా అని జనం ఎదురుచూశారు. అక్కడ తీసిన నీళ్లు వచ్చేది కొల్లేటికే.

నీటి సంగతే కాదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పు తెచ్చి చెరువు తవ్వినవాడు గట్టు నిలవాలని కోరుకున్నాడు. చెరువుల మధ్య వల వేసే చోటు పోగొట్టుకున్నవాడు గట్టు పోవాలని కోరుకున్నాడు. ఇద్దరూ ఆదివారం ఒకే చర్చిలో ఒకే చాప మీద కూర్చోవలసి వస్తే, ఎవరి మనవి గట్టిగా వినిపించాలి?

విజ్ఞాపన అంటే ఇక్కడే పనికొస్తుంది. పక్కవాడి కోసం చేసే మనవి అది. తన చెరువు గురించి చెప్పుకున్న తర్వాత, ఆ చెరువు వల్ల నష్టపోయేవాడి గురించి కూడా చెప్పడం. గట్టు తెగకూడదని అడిగినవాడే, వల వేసేవాడింట్లో ఈపూట పొయ్యి వెలగాలనీ అడగడం. మొదట్లో నోరు రాదు. తనకి కావలసినదాని మీద పట్టు సడలుతుందేమోనని భయం వేస్తుంది. నిజంగానే కొంత సడలుతుంది. మర్నాడు ఆ మనిషి గట్టు మీద ఎదురైతే తల తిప్పుకోవడం కష్టమవుతుంది. ప్రార్థన పనిచేస్తోందో లేదో చూసుకోవాలంటే ముందుగా చూడాల్సిన చోటు అదే.

చాలామంది భక్తులు ఇందుకో చిన్న నోటు పుస్తకం పెట్టుకుంటారు. రోజుకి అయిదారు పేర్లు చాలు. బంధువుల పేర్లు వాటంతటవే వస్తాయి. చివరి గీత మాత్రం మనకి పడనివాళ్లకో, మన లాభం వల్ల నష్టపోయేవాళ్లకో ఉంచాలి. లంకలో ఉన్నవాళ్లకి చింతలపూడి రైతు పేరు తెలియకపోవచ్చు. ‘మెట్ట రైతు, వాన’ అని రాసుకున్నా సరిపోతుంది.