ఎత్తు పెంచిన బండి

గడచిన వానకాలమున అమ్రాబాదు పులుల రక్షితారణ్యములోని యొక చెంచుపెంట నుండి మన్ననూరునకు జీపులో వచ్చుచుంటిని. వెనుక నెలలు నిండిన చెంచు స్త్రీ యొకతె కూర్చుండెను. రాళ్లు తగులకుండుటకై యజమాని కమాను పట్టీలు మార్పించి, బండిని 4 అంగుళములు పైకెత్తించి, అడుగున ఇనుపపలక బిగింపించెను. అయినను వాగుగట్టు నెక్కునప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు విరిగినది. ఆమెను బంధువులు డోలీ కట్టి రోడ్డునకు మోసిరి. తల్లియు బిడ్డయు క్షేమముగ నున్నారు.

"బాడీ లేపిండ్రు గని, ఇరుసు ఆడనే ఉన్నది సార్" అని మేస్త్రీ చెప్పెను. బాడీతో గేరుబాక్సు లేచినది, ఇరుసు లేవలేదు. నడుమనున్న షాఫ్టు ఏటవాలై, దాని కీళ్లు వంకరగా తిరిగి అరిగిపోయినవి. ఇరుసును లేపునది చక్రమే. చక్రపు వ్యాసము 2 అంగుళములు పెరిగినచో ఇరుసు ఒక్క అంగుళము లేచును. పలక ఇంజను నూనెతొట్టిని కాచును గాని యీ కీళ్లను అరుగుదల నుండి కాపాడజాలదు. పైగా వేసవిలో ఎండుగడ్డి దానిపై చిక్కుకొని, పొగగొట్టపు వేడికి రాజుకొన్నచో అడవికే ముప్పు.

పెంటబిడ్డల పాఠములకు మేమును ఇట్లే ఎత్తు పెంచితిమి. వారి యింటిమాటను మా పుస్తకపు మాటతో కలుపు కీలును మాత్రము చూడమైతిమి. రాబోవు సంవత్సరము నా తరగతిని అక్కడినుండియే మొదలుపెట్టుదును.