నల్లబొట్టు రహస్యం

"మాయాబజార్" (1957)లో శశిరేఖ ముఖం మీది వెన్నెల చూసి మురిసిపోని తెలుగువాడుంటాడా? ఆ వెన్నెల కాయించడానికి కెమెరామన్ మార్కస్ బార్‌ట్లేకి స్టూడియో నిండా లైట్లున్నాయి. మరి అంతకు ఎనభై ఏళ్ళ ముందు ఆడవాళ్ళ ఫోటోలు తీసిన వాళ్ళకో? ఉన్న దీపం ఒక్కటే - సూర్యుడు!

అందుకే అప్పటి స్టూడియోకి అద్దాల కప్పు, పక్కన పెద్ద కిటికీ ఉండేవి. వీలైతే ఉత్తరం వైపు పెట్టేవారు. అటునుంచి ఎండ సూటిగా పడదు కదా! ఇంకా ఎక్కువైతే తెల్ల తెర లాగేవారు. మా ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లకి రేకుల మధ్య వెలుతురు దిగే రేకు ఒకటి వేస్తారు. సూత్రం అదే. దాని కింద నిలబడితే గ్రీజు పూసుకున్న మెకానిక్ కుర్రాడు కూడా హీరోలా ఉంటాడు!

ఇక పోజు సంగతి. బొమ్మ పడాలంటే కొన్ని సెకన్లు కదలకూడదు. కుర్చీ, మోచేతి కింద బల్ల, తల వెనక కనపడకుండా ఇనుప ఊత - అన్నీ అందుకే. పాత ఫోటోల్లో ఆడవాళ్ళు నవ్వరేమిటని వేళాకోళం చేస్తాం. కదలకుండా పది సెకన్లు నవ్వి చూడండి, తెలుస్తుంది!

కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 48 ఏళ్ళ వయసులో కెమెరా పట్టింది. 1867లో తన చెల్లెలి కూతురు జూలియా జాక్సన్‌ని తీసిన ఫోటోలో వెలుగు ఒక పక్కనుంచే పడుతుంది. సగం ముఖం వెలుతురు, సగం చీకటి. ఆ చూపు మర్చిపోలేం.

మన హైదరాబాదు కథ ఇంకా రంజుగా ఉంటుంది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. ముసుగు తీయాలంటే ముందు ఎదురుగా ఉన్నదెవరో చూసుకోవాలి మరి. వెలుతురు సంగతి ఆ తర్వాత!

ఇప్పుడు మా ఇంటి గొడవ. నిరుడు తాతమ్మ ఫోటోని రంగుల్లో వేయిద్దామని, లారీల మీద బొమ్మలు వేసే ఆర్టిస్టుకిచ్చాను. "నల్లబొట్టేంటండీ? నలుపే వేసేయమంటారా?" అన్నాడు. మా అమ్మ విందంటే గగ్గోలే! ముత్తైదువుగా పోయిన మనిషి ఆవిడ.

తప్పు బొట్టుది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ప్లేట్లకి నీలి వెలుగే ఆనుతుంది, ఎరుపు అస్సలు ఆనదు. కుంకుమ నల్లగా పడుతుంది, నీలం చీర వెలిసినట్టు పడుతుంది, పసుపు రాసుకున్న ముఖం ఉన్నదానికన్నా నల్లబడుతుంది. తాతమ్మ ఫోటో ఆ తర్వాతి కాలానిదే అయినా ప్లేటు పాతరకందే.

ఆ ఒక్క ఫోటో చూసే మా వాళ్ళు "తాతమ్మ నలుపు" అని పేరు పెట్టారు. మా చెల్లెలి పెళ్ళిచూపులప్పుడు కూడా ఆ మాట వచ్చింది. అది తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. తాతమ్మ రంగేమిటో తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు!

కనక మీ ఇంట్లో పాత పటం ఉంటే దించి చూడండి. వెలుగు ఏ చెంప మీద పడిందో, చెయ్యి దేనికి ఆనించారో గమనించండి. రంగు విషయంలో మాత్రం దాని సాక్ష్యం నమ్మకండి.