తువ్వాలే మన స్కార్ఫ్: మ్యాచ్‌కు ఏం వేసుకొని పోవాలి



మనలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు కొదవ లేదు. ఆశ్రమ పాఠశాల గ్రౌండ్‌లో ఉత్త కాళ్లతో మొదలుపెట్టి, సంక్రాంతి టోర్నమెంట్లకు ఊరూరా తిరిగినవాళ్లం. కానీ హైదరాబాద్‌లో చదువుకుంటూ కూడా స్టేడియంకు పోయి మ్యాచ్ చూసినవాళ్లు ఎంతమంది అని లెక్కేస్తే వేళ్ల మీద సరిపోతుంది. ఎందుకు పోరు అని అడిగితే ముందు టికెట్ గురించి చెప్తారు, తర్వాత బస్సు గురించి చెప్తారు. ఇంకాసేపు కూర్చుంటే అసలు మాట బయటికొస్తుంది: "అక్కడికి ఏం వేసుకొని పోవాలె అన్నా?"

ఇది నవ్వి వదిలేసే మాట కాదు. ఆట మీద అంత ప్రేమ ఉన్న పిల్లగాడు బట్టల గురించి ఆలోచించి రూములోనే ఆగిపోతున్నాడంటే అది ఫ్యాషన్ ముచ్చట కాదు. గచ్చిబౌలి అద్దాల బిల్డింగుల మధ్య మనల్ని ఎట్లా చూస్తారో అన్న భయం అది. ఉట్నూరు నుంచి, భద్రాచలం నుంచి, నిజామాబాద్ తండాల నుంచి, అరకు నుంచి వచ్చి ఒకే చోట ఉంటున్న ఆరుగురం మేము. కొన్ని మ్యాచ్‌లు తిరిగి తెలుసుకున్నవి ఇక్కడ చెప్తున్నం. మా లెక్క రెండే. ఒంటికి హాయిగా ఉండాలి. మనం ఎవరమో దాచుకునే పని ఉండొద్దు.

ముందు కాళ్ల సంగతి. స్టేడియం అంటే సిమెంటు మెట్లు. మ్యాచ్ అయిపోగానే వేలమంది ఒకేసారి దిగుతారు. వెనకవాళ్లు మడమ తొక్కితే చెప్పు అక్కడే ఉండిపోతుంది, వంగి తీసుకోవడానికి జాగా ఉండదు. కాబట్టి లేసులున్న కాన్వాస్ బూట్లు చాలు, పాతవైనా ఫరవాలేదు. మన ఆట బూట్లు, అంటే కింద స్టడ్స్ ఉన్నవి, అక్కడికి వద్దు. సిమెంటు మీద జారుతాయి. మెట్రో స్టేడియం దాకా రాదు. ఆటోనో బస్సో దొరికేదాకా రాత్రిపూట రోడ్డు పక్కన నడవాలి కాబట్టి కాళ్లు బాగుంటేనే ఇల్లు చేరతాం.

తర్వాత ప్యాంటు. జీన్స్ అందరికీ ఇష్టమే, కానీ వానలో తడిస్తే ఒంటికి అతుక్కొని బరువెక్కుతుంది, ఆరడానికి తెల్లారుతుంది. జిప్ జేబులున్న ట్రాక్ ప్యాంటు మేలు. ఎందుకంటే బ్యాగు తీసుకుపోతే గేటు దగ్గర తిప్పలు. నీళ్ల సీసా, పవర్ బ్యాంక్, హెల్మెట్, జెండా కర్ర లాంటివి చాలాచోట్ల లోపలికి రానివ్వరు. ఏవి వద్దంటారో టికెట్ మీద ముందే చదువుకోండి. ఫోను, టికెట్, బస్ పాస్, కాలేజీ ఐడీ, కొంచెం డబ్బు. ఈ ఐదూ రెండు జిప్ జేబుల్లో పడితే చేతులు ఖాళీ. చప్పట్లకు చేతులు ఖాళీగా ఉండాలి కదా.

ఇక జెర్సీ. కంపెనీ జెర్సీ ధర చూస్తే నెల ఖర్చు గుర్తొస్తుంది. ఫుట్‌పాత్ మీద దొరికే జెర్సీ వేసుకుంటే సిగ్గేమీ లేదు. అరిచే గొంతుకు ఒరిజినల్, డూప్లికేట్ ఉండవు. అయితే కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, మీ సైజు కంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. పాలిస్టర్ బిగుతుగా ఉంటే ఎండకు ఒళ్లు దురద పెడుతుంది. వదులుగా ఉంటే గాలి ఆడుతుంది. చలికాలంలో లోపల స్వెట్టర్ వేసుకొని పైన అదే జెర్సీ వేసుకోవచ్చు, రంగు బయటికి కనపడుతుంది. రెండు, వెనక అంటించిన అక్షరాలు గోటితో మెల్లగా గీకి చూడండి. లేచిపోయేటట్టుంటే వద్దు. ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్లలో ఉతకాలి. అక్షరాల మీద ఇస్త్రీ పెట్టొద్దు.

ఇప్పుడు అసలు ముచ్చట, తువ్వాల. ఇంగ్లండ్‌లో అభిమానులు మెడలో ఉన్ని స్కార్ఫ్ వేసుకుంటారు. వాళ్ల చలికి అది సరైనదే. దాన్ని చూసి మనవాళ్లు కూడా మండుటెండలో ఉన్ని స్కార్ఫ్ కొనుక్కొని చెమటలు కక్కుతున్నారు. మన తాతలు తలకు కట్టుకునే రుమాలు, భుజాన వేసుకునే తువ్వాల ఉండగా ఆ తిప్పలెందుకు? పల్చటి నూలు తువ్వాల ఒక్కటుంటే తలకు ఎండ తగలదు, మొహం తుడుచుకోవచ్చు, వేడెక్కిన సిమెంటు మీద పరుచుకోవచ్చు, రాత్రి చలికి మెడకు చుట్టుకోవచ్చు, గోల్ పడితే గాలిలో తిప్పవచ్చు. ఇన్ని పనులు చేసే వస్తువు ఏ క్లబ్ షాపులోనూ లేదు.

రంగు మనమే వేసుకోవచ్చు. బజారులో దొరికే రంగు పొడిని వేడి నీళ్లలో ఉప్పుతో కలిపి ముంచితే సరి. మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతకండి, లేకపోతే చెమటకు మెడంతా రంగే. పసుపు, నారింజ కావాలంటే మోదుగ పూలున్నాయి. హోలీకి మన ఊళ్లల్లో మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీస్తారు కదా, అదే రంగు. గుడ్డను ముందు పటిక నీళ్లలో నానబెడితే రంగు పట్టి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఒకే రంగు తువ్వాల మెడలో వేసుకొని బస్సెక్కితే "ఏ పార్టీ తమ్మీ?" అని అడుగుతారు. మమ్మల్ని అడిగిండ్రు కూడా. తలకు కట్టుకుంటే ఆ బాధ లేదు.

కొనకుండా అభిమానం చూపించడం మనం కనిపెట్టింది కాదు. మాంచెస్టర్ యునైటెడ్ అంటే ఎర్ర జెర్సీ అని అందరికీ తెలుసు. 2010లో ఆ క్లబ్ అభిమానులే ఎరుపు వదిలి ఆకుపచ్చ, బంగారు రంగుల స్కార్ఫులు వేసుకొని స్టేడియం నిండా కూర్చున్నారు. క్లబ్ మొదట్లో న్యూటన్ హీత్ అనే పేరుతో ఉన్నప్పటి రంగులవి. క్లబ్‌ను అప్పుల్లో ముంచిన యజమానుల మీద అది వాళ్ల నిరసన. జట్టు మాది, మీ వ్యాపారం మాది కాదు అని ఒక గుడ్డముక్కతో చెప్పారు.

ఇట్లనే మేము 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు గచ్చిబౌలి పోయినం. బెంగాల్, కేరళ మ్యాచ్. రాత్రి ఆట, పైగా డిసెంబర్ చలి. స్వెట్టర్ల మీద జెర్సీలు వేసినం. గోండు తమ్ముడు తెల్ల రుమాలు కట్టిండు. లంబాడా చెల్లె జీన్స్, టీ షర్టు వేసుకొని వాళ్ల నాయనమ్మ కుట్టిన అద్దాల టుక్రీ భుజాల మీద వేసుకుంది. గేటు దగ్గర లైనులో వెనక నుంచి ఒకాయన మంచిగనే అడిగిండు: "డ్యాన్స్ ప్రోగ్రాం ఉందా ఇవాళ? మీరు ఎన్ని గంటలకు?"

ఆయన మాటలో వెక్కిరింత లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మన బట్టలు కనపడితే మనం ఎవరి ముందో ఆడటానికి వచ్చినట్టు. టికెట్ కొనుక్కొని కూర్చొని చూడటానికి కూడా వస్తామని తోచదు. చెల్లె వెనక్కి తిరిగి, "లేదన్నా, మ్యాచ్ చూడనీకే వచ్చినం. మీరు ఎవరి దిక్కు?" అన్నది. ఆయన కేరళ అన్నాడు. తర్వాత లైనంతా ఆట గురించే మాట్లాడుకున్నం.

ఆ మ్యాచ్ 90 నిమిషాలు గోల్ లేకుండా నడిచింది. ఇంజూరీ టైమ్‌లో బెంగాల్ తరఫున రాబి హాన్స్‌దా గోల్ కొట్టిండు. 1-0. బెంగాల్‌కు అది 33వ సంతోష్ ట్రోఫీ. ఆ టోర్నమెంట్‌లో అతను మొత్తం 12 గోల్స్ కొట్టిండు. హాన్స్‌దా సంతాల్ బిడ్డ. ఆ ఇంటిపేరు వినగానే మనోడే అని మాకు తెలిసిపోయింది. తువ్వాలలు, రుమాలు, టుక్రీ అన్నీ గాలిలోకి లేచినయ్. బయట మన తెగల మధ్య ఉన్న వాదనలు అందరికీ తెలుసు, అవి గ్యాలరీలో తెగేవి కావు. కానీ ఆ నిమిషంలో ఎవరి గుడ్డ ఎవరి చేతిలో ఉందో ఎవరూ చూసుకోలేదు.

బట్టల విషయంలో ఇంకో దేశం కథ కూడా తెలుసుకోవాలి. స్కాట్లాండ్ ఉత్తరాన కొండల్లో ఉండే హైలాండర్లు గళ్ల ఉన్ని గుడ్డను కిల్ట్‌గా నడుముకు కట్టుకునేవాళ్లు. 1746లో కలోడెన్ యుద్ధంలో వాళ్లు ఓడిపోయిన తర్వాత బ్రిటిష్ పార్లమెంటు మగవాళ్లు ఆ దుస్తులు వేసుకోవద్దని చట్టం చేసింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్లు సముద్రం దాటించి పంపడం. సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు. ఆ చట్టం 1782 దాకా ఉంది. ఇవాళ స్కాట్లాండ్ అభిమానులు, టార్టాన్ ఆర్మీ అంటారు వాళ్లను, కింద కిల్ట్, పైన జట్టు ముదురు నీలం జెర్సీ వేసుకొని దేశదేశాలు తిరుగుతారు. 2025 నవంబర్‌లో డెన్మార్క్‌ను 4-2తో ఓడించి 1998 తర్వాత మళ్లీ ప్రపంచకప్‌కు అర్హత సాధించిన జట్టు వెనక ఉన్నది వాళ్లే. పాతదీ కొత్తదీ కలిపి కట్టుకోవడం ఎట్లాగో వాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

అయితే ఆ కథకు రెండో వైపు ఉంది. చట్టం పోయింది, గళ్ల గుడ్డకు గౌరవం వచ్చింది, రాజులు కూడా వేసుకున్నారు. కానీ ఆ కాలంలోనే భూస్వాములు గొర్రెల మేత కోసం హైలాండర్లను వాళ్ల ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. బట్టను మెచ్చుకున్నారు, మనిషిని పొమ్మన్నారు. మన ఆటపాటలకు స్టేజీ మీద చప్పట్లు కొడుతూ మన పోడు భూమి సంగతి వచ్చేసరికి మాట మార్చేవాళ్లను చూసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. కాబట్టి మన గుడ్డతో పాటు మన మాట కూడా అక్కడ వినపడాలి.

అందుకే గ్రౌండ్‌కు తీసుకుపోకూడనివి కూడా ఉన్నాయని మేము అనుకున్నం. గుస్సాడీ నెమలి ఈకల టోపీ దండారికి సంబంధించింది. దానికి పూజ ఉంది, నియమం ఉంది. కొమ్ము కోయ ఆటలో తలకు కట్టే కొమ్ములు కూడా అంతే. కెమెరా మన వైపు తిరుగుతుందని వాటిని గ్యాలరీలోకి తెస్తే, లైనులో ఆయన అడిగిన ప్రశ్నకు మనమే జవాబు ఇచ్చినట్టు అవుతుంది. రోజూ కట్టుకునేది తీసుకుపోదాం, దేవుడి ముందు కట్టుకునేది ఇంట్లోనే ఉంచుదాం. చెల్లెళ్లకు ఒక మాట. నిండు పేటియా, బలియాలతో మెట్లెక్కడం కష్టం, అద్దాలు పక్కవాళ్లకు గీసుకుంటాయి. టుక్రీ ఒకటి చాలు. లేకపోతే కాంచళి పని ఉన్న చిన్న ముక్కను జెర్సీ చేతికి కుట్టుకోండి. పిన్నీసులు పెట్టొద్దు, తోపులాటలో గుచ్చుకుంటాయి, దారంతోనే కుట్టండి.

చివరిది, వీపు మీద పేరు. అందరి వీపు మీదా మెస్సీ, రొనాల్డో. వాళ్లను ప్రేమించవద్దని కాదు. కానీ మన నిజామాబాద్ నుంచి పోయి భారత మహిళల జట్టులో ఆడుతున్న గుగులోత్ సౌమ్య ఉంది. 2024-25 సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది ఆమెనే. 'గుగులోత్' అని తెలుగులో కొట్టిచ్చుకున్న జెర్సీలు మన హాస్టళ్లలో ఎన్ని ఉన్నాయి? క్లాసులో హాజరు పిలిచేటప్పుడు మడావి, కుమ్రం, సోయం, బానోత్, కిల్లో అని వినపడితే వెనక బెంచీ నవ్విన రోజులు మనందరికీ ఉన్నాయి. ఆ ఇంటిపేర్లే వీపు మీద పెద్ద అక్షరాలతో వేసుకుందాం. షాపువాళ్లు చాలామంది అక్షరానికింత అని తీసుకుంటారు, ఇంటిపేరు ఒక్కటే అయితే ఖర్చు కూడా తక్కువ.

క్లబ్బులు వస్తాయి, పోతాయి. 2019లో పుట్టి, 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. దాని పసుపు జెర్సీలు కొనుక్కున్నవాళ్లు మాలో ఇద్దరున్నారు. పారేయలేదు. వెనక అక్షరాలు తీసేసి ఇంటిపేర్లు కొట్టిచ్చుకున్నరు. ఇప్పుడు ఊరి టోర్నమెంట్లకు అవే వేసుకుంటారు.

వచ్చే మ్యాచ్ ఎక్కడైనా కానీ, సంతోష్ ట్రోఫీ కానీ, ఐటీడీఏ గ్రౌండ్‌లో సంక్రాంతి ఫైనల్ కానీ, ముందు రోజు రాత్రే నాలుగు తీసి పక్కన పెట్టుకోండి: లేసుల బూట్లు, జిప్ జేబుల ప్యాంటు, ఒక సైజు పెద్ద జెర్సీ, రంగు వేసిన తువ్వాల. మొదటిసారి వచ్చే తమ్ముడికో చెల్లెకో ఇంకో తువ్వాల ఎక్కువ పెట్టుకోండి. ఏం వేసుకొని రావాలని వాళ్లు అడగక ముందే తలకు కట్టి వెంట తీసుకుపోండి.