పాంథశాలలో దంపతులు

బాటసారికి ఒక రాత్రి తలదాచుకొనే చోటు కల్పించడం మన దేశంలో అనాదిగా ధర్మకార్యంగా పరిగణింపబడుతూ వచ్చింది. కాశీ నుండి రామేశ్వరం వరకు సత్రాలు, ధర్మశాలలు వెలసినది ఆ భావన వల్లనే. సత్రంలో దిగినవాడు ఆ గదికి యజమాని కాడు. నిన్న అక్కడ మరొకరు నిద్రించారు. రేపు వేరొకరు నిద్రిస్తారు. ఈ సంగతి ఎరుగనివారు లేరు. అయితే తెలిసి ఉండడం వేరు, అనుభవానికి రావడం వేరు. కోనసీమకు చెందిన ఒక దంపతులకు ఈ అనుభవం కలిగినది సత్రంలో కాదు. దూరదేశమైన జర్మనీలో, యూత్ హాస్టల్ అని పిలువబడే వసతిగృహాలలో.

ఆయన బ్యాంకు అధికారిగా పదవీ విరమణ చేసి మూడేళ్ళు. వివాహమై ముప్పై ఆరేళ్ళు. పురిటికి ఆమె పుట్టింటికి వెళ్ళిన నెలలు, బదిలీల సమయంలో ఆయన ఒంటరిగా గడిపిన కొద్ది వారాలు మినహాయిస్తే, ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే కప్పు కింద నిద్రించినవారే. ధనము, ప్రయాణము, పత్రములు ఆయన వంతు. తక్కినదంతా ఆమె వంతు. ఈ విభజననే ఆయన అన్యోన్యత అని భావించేవారు. ఆమె ఏమని భావిస్తున్నారో ఆయన ఎన్నడూ అడుగలేదు.

కుమారుడు బాన్ నగరంలో ఉద్యోగి. వేసవిలో రెండు నెలలు అతని వద్ద గడపడానికి వెళ్ళినప్పుడు, ఒక పది రోజులు తామిద్దరే పరిసర ప్రాంతాలు చూసి రావాలని సంకల్పించారు. కుమారుడు మంచి హోటళ్ళు చూస్తానన్నాడు. ఆమె మాత్రం యూత్ హాస్టళ్ళు చాలునన్నారు. మన భాషలో హాస్టల్ అనగానే విద్యార్థుల వసతిగృహమే స్ఫురిస్తుంది కనుక ఆయనకు ఆశ్చర్యం కలిగింది.

"అరవై దాటినవాళ్ళం. పిల్లల హాస్టల్లో మనకేం పని?" అన్నారాయన.

"నాన్నగారూ, పేరులోనే యువత. సభ్యత్వపు కార్డు ఉంటే చాలు, ఈ వయసువాళ్ళూ ఎందరో దిగుతారు" అని కుమారుడు సమాధానపరిచాడు. ఖర్చు తక్కువ కదా అని ఆయన అంగీకరించారు. ఆమె అసలు కారణం వేరు. అది ఆయనకు మూడవ మజిలీలో గాని పూర్తిగా బోధపడలేదు.

మొదటి మజిలీ ఒక పట్టణంలో. ఇద్దరికి సరిపోయే చిన్న గదులు ముందే నిండిపోయాయి. కౌంటరు వద్ద ఉన్న యువతి రెండు వేర్వేరు తాళపు చెవులు ఇచ్చింది. పురుషుల గది రెండవ అంతస్తులో, స్త్రీల గది మూడవ అంతస్తులో. దానితోపాటు ఒక్కొక్కరి చేతిలో ఒక దుప్పటి, ఒక తలగడ గలీబు, ఒక బొంత గలీబు పెట్టింది. పక్క ఎవరిది వారే వేసుకోవాలి; వెళ్ళేనాడు ఎవరిది వారే తీసి అప్పగించాలి. తిన్న పళ్ళెం కూడా ఎవరిది వారే తీసికొనివెళ్ళి నిర్ణీతస్థలంలో ఉంచాలి. రాత్రి పది తరువాత నిశ్శబ్దం పాటించాలి. నియమాలు ఇంతే.

ఆయన గదిలో రైలు బెర్తుల వలె ఒకదానిపై ఒకటి అమర్చిన ఆరు మంచాలు. సైకిలుపై దేశాటనం చేస్తున్న ఇద్దరు యువకులు ఆయన మోకాళ్ళను చూసి, అడుగకముందే కింది మంచం ఖాళీ చేసి ఇచ్చారు. దుప్పటి పరవడం సులభమే. బొంతకు గలీబు తొడగడం మాత్రం బ్రహ్మవిద్య వలె తోచింది. మూడుసార్లు తొడిగినా బొంత అంతా ఒక మూలకే చేరింది. ఒక యువకుడు నవ్వకుండా వచ్చి, గలీబును తిరగవేసి, రెండు మూలలు పట్టుకొని ఒక్క విదిలింపుతో సరిచేశాడు. ఆ యువకునికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. తాను అరవై మూడేళ్ళలో ఒక్కనాడైనా ఈ పని చేయలేదన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో స్ఫురించింది.

తొమ్మిదిన్నర దాటింది. జ్యేష్ఠమాసపు వెలుగు ఆకాశంలో ఇంకా మిగిలే ఉంది. అప్పుడు ఆయనకు రాత్రి వేసుకోవలసిన మాత్ర జ్ఞప్తికి వచ్చింది. మందుల డబ్బా ఆమె సంచిలో ఉంది. ఆమె ఫోనులో ఆ దేశపు సిమ్ లేదు; ఎప్పుడూ పక్కనే ఉంటాం, రెండవది దేనికి అని ఆయనే వద్దన్నారు. స్త్రీల అంతస్తుకు వెళ్ళడం ఉచితం కాదు. మెట్ల వద్ద కొంతసేపు నిలబడి, చివరకు కిందికి దిగి కౌంటరు వద్ద విషయం చెప్పారు. ఆ యువతి కంగారుపడి, "ఏ మందు? పేరు చెప్పండి, అవసరమైతే వైద్యుని పిలుస్తాను" అన్నది.

పేరు ఆయనకు తెలియదు. పదకొండేళ్ళుగా ప్రతి రాత్రి వేసుకుంటున్న మాత్ర పేరు తెలియదు. ఎన్ని మిల్లీగ్రాములో తెలియదు. గ్లాసులో నీళ్ళు, అరచేతిలో మాత్ర: ఆయన ఎరిగినది అంతవరకే. వేలాది ఖాతాల సంఖ్యలు జ్ఞాపకం ఉంచుకొన్న మనిషి ఆ కౌంటరు ముందు మౌనంగా నిలబడిపోయారు.

యువతి పైకి వెళ్ళి కబురు చెప్పగానే ఆమె దిగివచ్చారు. డబ్బా ఆయన చేతిలో పెట్టి, "తెల్లది ఉదయం, గులాబీరంగుది రాత్రి. పేర్లు లోపల చీటీలో రాశాను" అని, మరొక మాట లేకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆయనకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఉదయం అల్పాహారశాలలోకి అడుగుపెట్టేసరికి ఒక నవ్వు వినిపించింది. ఎవరిదా అని చూస్తే ఆమెదే. తన గదిలోని ఇద్దరు స్త్రీలతో కూర్చొని, వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో ఏదో చెబుతూ, మాట అందనిచోట చేతులతో అభినయిస్తున్నారు. ఆ నవ్వును ఆయన ఎన్నేళ్ళుగానో వినలేదు. ఆమె రాత్రంతా భయపడుతూ ఉంటారని ఊహించుకొన్న ఆయనకు మొదట కలిగినది సంతోషం కాదు. ఒక విధమైన చిన్నబోవడం. తాను లేకుండా ఆమె సుఖంగా ఉండగలరన్నది ఆయనకు కొత్త సమాచారం. బంధం ప్రేమతో నిలిచి ఉన్నదా, అలవాటుతో నిలిచి ఉన్నదా అన్న ప్రశ్న కలిసి ఉన్నంతకాలం పుట్టదు. ఒక గోడ అడ్డువచ్చిననాడే పుడుతుంది.

రెండవ మజిలీ రైన్ నదీతీరాన బాఖరాఖ్ అనే చిన్న ఊరు. బాన్ నుండి రైలు నదిని ఆనుకొనే సాగుతుంది. ఊరికి పైన కొండమీద ష్టాలెక్ అనే కోట ఉంది. 1689లో ఫ్రెంచి సైన్యం ధ్వంసం చేసిన ఆ కోటను ఇరవయ్యవ శతాబ్దంలో యూత్ హాస్టల్ కోసం పునర్నిర్మించారు. రాజులు నిర్మించుకొన్న దుర్గంలో నేడు పాఠశాల పిల్లలు పళ్ళేలు మోసుకొంటూ తిరుగుతారు. ద్రాక్షతోటల నడుమ, శిథిలమైన ఒక ప్రార్థనామందిరాన్ని దాటుకొంటూ, ఆగి ఆగి మెట్లెక్కి దంపతులు అక్కడికి చేరుకొన్నారు. ఆ రాత్రి ఇద్దరికీ ఒకే గది దొరికింది.

సాయంకాలం కోట ప్రాంగణంలో కూర్చొన్నారు. కింద నదిలో సరుకుల పడవలు, రెండు ఒడ్డులలో రైళ్ళు. చాలాసేపటికి ఆమె అన్నారు: "అక్క పోయిన పదకొండోనాడు బావగారు వంటింట్లో నిలబడి ఏడ్చారు, గుర్తుందా?"

ఆయనకు గుర్తున్నది. తోడు పోయిన దుఃఖం అనుకొన్నారు.

"దుఃఖమే. కాని ఆ క్షణంలో ఆయన ఏడ్చింది కాఫీపొడి ఎక్కడుందో తెలియక. నన్ను చూసి సిగ్గుపడ్డారు. అది చూసిన దగ్గరనుండి నాకు నిద్రలేదు. మీరూ అంతే కదా. నేనే అలా చేశాను. అన్నీ చేతికి అందించడమే ధర్మమనుకొన్నాను."

ఆయన జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళి, తన మంచానికి దుప్పటి పరచుకొని, గలీబును తిరగవేసి, రెండు మూలలు పట్టుకొని విదిలించారు. బొంత ఈసారి సగం సర్దుకొంది. ఆమె చూస్తూ కూర్చొన్నారేగాని సాయానికి లేవలేదు. ఆ లేవకపోవడం ఆమెకు ఎంత కష్టమైనదో ముప్పై ఆరేళ్ళ గృహిణీధర్మం ఎరిగినవారికి మాత్రమే తెలుస్తుంది.

మూడవ మజిలీ ఆల్టెనా. బాన్ నుండి కొలోన్, హాగెన్‌ల మీదుగా వెళ్ళాలి. లెన్నె నది ఒడ్డున, కొండల నడుమ ఇరుకుగా ఒదిగిన ఊరు. కోటకు చేరడానికి 2014 నుండి కొండ లోపలి సొరంగం గుండా వెళ్ళే లిఫ్టు ఉంది కనుక ఈసారి మోకాళ్ళకు శ్రమ లేకపోయింది. ప్రపంచంలోని యూత్ హాస్టళ్ళన్నిటికీ మూలస్థానం ఈ కోటయే.

ఈ ఊరి బడిలో రిచర్డ్ షిర్మన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. పిల్లలను నాలుగు గోడల మధ్య కాక, నడిపిస్తూ చదువు చెప్పాలన్నది ఆయన నిశ్చయం. 1909 ఆగస్టు 26న పిల్లలతో పాదయాత్రలో ఉండగా బ్రోల్ లోయలో పెనుతుఫాను వచ్చింది. ఒక బడిలో ఆశ్రయం లభించింది. గడ్డి పరచుకొని పిల్లలు నిద్రించారు. గురువు మాత్రం మేలుకొని ఉన్నాడు. సెలవులలో ఖాళీగా పడి ఉండే బడులన్నీ ఇలాగే నడిచే పిల్లలకు ఒక రాత్రి ఆశ్రయం ఎందుకు కాకూడదన్న తలంపు ఆ మెలకువలోనే పుట్టింది. 1912లో ఆల్టెనా కోటలో హాస్టల్ వెలిసింది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. తొలినాళ్ళలో అనేక దేశాలలో నడిచి గాని, సైకిలుపై గాని వచ్చినవారికే చోటు ఇచ్చేవారు. నిర్వాహకులను జర్మన్ భాషలో వసతిగృహపు తండ్రి, వసతిగృహపు తల్లి అనే అర్థం వచ్చే మాటలతో పిలిచే ఆచారం ఉంది. ఆ మాట విని ఆమె సంతోషించారు.

కోటలో నాటి శయనశాలలను ప్రదర్శనశాలగా భద్రపరిచారు. అంతస్తులుగా అమర్చిన బరువైన కొయ్య మంచాల ముందు ఆమె చాలాసేపు నిలబడ్డారు.

"1909 అంటే మన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు పోయిన సంవత్సరం" అన్నారు. ఆయన తలపంకించారు. దారిన పోయేవారికి వేళగాని వేళ అన్నం వండి పెట్టిన ఆ తల్లి కథ కోనసీమలో ఎవరికి తెలియదు?

"ఆమె అన్నీ చేతికి అందించింది. ఈయన చోటు చూపించి, మీ పక్క మీరే వేసుకోండి అన్నాడు. రెండూ దయే. ఆకలిగొన్నవారికి మొదటిది. నడవవలసినవారికి రెండవది."

కొంత ఆగి, "ఆ మొదటి రాత్రి నేను డబ్బా ఇవ్వడం మరచిపోలేదు. మీరు ఎప్పుడు అడుగుతారా అని పైన మేలుకొనే ఉన్నాను. పదింటికి నేనే దిగిరావాలనుకొన్నాను" అన్నారు.

ఆయనకు కోపం రావలసింది. రాలేదు. ఆ రాత్రి అక్కడ బడిపిల్లల బృందం ఉన్నందున ఇద్దరికీ మళ్ళీ వేర్వేరు గదులే లభించాయి. ఆయన గులాబీరంగు మాత్ర వేసుకొని, చీటీలోని పేరు రెండుసార్లు చదువుకొని పడుకొన్నారు.

వివాహకాలంలో ఏడడుగులు నడిచిన పిదప వరుడు వధువును సఖి అని సంబోధిస్తాడు. కలిసి నడవడం చేత కలిగే బంధం అది. భార్యకు సహధర్మచారిణి అని పేరు పెట్టినవారు కూడ చరించడాన్నే చెప్పారు. కలిసి చరించేవారు ఎవరి కాళ్ళమీద వారు నిలబడక తప్పదు. ఒకరు నడుస్తూ మరొకరిని మోస్తే, మోసేవారికి శ్రమ మిగులుతుంది. మోయబడేవారికి నడక మరపునకు వస్తుంది. దానిని ప్రేమ అని పిలుచుకోవడం ఇద్దరికీ సుఖంగానే ఉంటుంది, ఇద్దరూ ఉన్నంతకాలం.

స్వదేశానికి తిరిగివచ్చిన కొన్ని నెలలకు ఆమె ఊరి స్త్రీలతో కలిసి కాశీకి వెళ్ళారు. తొమ్మిది నిద్రలు చేయాలన్నది ఎన్నేళ్ళ కోరికో. ఆయన ఇంట్లోనే ఉన్నారు. కాఫీ మొదటినాడు నీళ్ళ వలె, రెండవనాడు కషాయం వలె, మూడవనాడు తాగదగినట్లుగా కుదిరింది. రాత్రి తొమ్మిదిన్నరకు సత్రం నుండి ఆమె ఫోను చేసేవారు. గంగ గురించి, తోటివారి గురించి, పక్క మంచం ఆమె గురక గురించి చెప్పేవారు. మందుల సంగతి మాత్రం ఆ తొమ్మిది రాత్రులలో ఒక్కసారి కూడా అడుగలేదు.